మా మామగారి ఇంటిబండి

మొన్న మా చుట్టాల్లో ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. వ్యాను ఒకటి కొని, అందులోనే మంచాలూ పొయ్యీ అమర్చుకుని, భార్యను తీసుకుని దేశమంతా తిరగాలనుకుంటున్నాడట. "మీ ఇంట్లో ఎప్పుడో అట్లాంటి బండి ఉండేదంట గదా పెద్దమ్మా, ఏం చూసుకుని కొనాలో చెప్పు" అన్నాడు. కొనొద్దని చెప్పాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. ఆయనకు చెప్పకుండా మింగినదంతా ఇక్కడ రాస్తున్నాను.

అవి రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులు. నరసరావుపేటకు దగ్గర్లోని పల్లెకు నేను కాపురానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఇంట్లో ఉండేది మామగారు, అత్తయ్య, మా ఆయన, నేను. మామగారికి పొలం బాగా ఉంది, నోరు అంతకన్నా బాగా ఉంది. ఆ నోటితోనే పల్నాడులో ఉన్న చుట్టాలందరినీ దూరం చేసుకున్నాడు. గురజాల కోర్టులో అవతలి పార్టీ తరఫున సాక్ష్యం చెప్పాడని సొంత అన్నతో మాటలు మానేశాడు. ఒక పెళ్ళిలో తనను మొదటి బంతిలో కూర్చోబెట్టలేదని, అత్తయ్య తమ్ముడి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు అత్తయ్యకు కూడా వర్తిస్తుందన్నాడు. ఆవిడ పుట్టింటి ముఖం చూసి ఏళ్ళు అయిపోయాయి.

ఆ కాలంలో ఊరు వెళ్ళడమంటే చుట్టాల ఇంట్లో దిగడమే. మామగారికి తిరునాళ్ళు చూడాలని, గుళ్ళూ గోపురాలూ తిరగాలని మహా కోరిక. దిగడానికి మాత్రం ఒక్క ఇల్లు మిగల్లేదు. సత్రాల్లో ఎవరు పడుకున్న చాప మీద ఎవరు పడుకుంటారో తెలియదని అక్కడికీ పోడు. ఇలా ఉండగా, మిలిటరీ వాళ్ళు పాత లారీలు, జీపులు వేలం వేస్తున్నారని ఎవరో చెవిన వేశారు. కొడుకును వెంటబెట్టుకుని గుంటూరు వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు గాయపడ్డ సిపాయిలను మోసిన అంబులెన్సు బండిలో వచ్చాడు. దాన్ని తోలడానికి నరసరావుపేట సాయిబు ఒకాయనను కుదుర్చుకున్నాడు.

బండి వాకిట్లో ఆగగానే అత్తయ్య చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఎంతమంది చచ్చారో ఇందులో" అన్నది.

"చావలేదు. బతికించడానికి తీసకపోయిన బండి ఇది" అన్నాడు మామగారు. "ఇక మనం ఎవరి గుమ్మంలోనూ చెయ్యి చాచక్కర్లా. ఎక్కడ ఆపితే అక్కడే మన ఇల్లు."

మా ఆయన బండి చుట్టూ తిరుగుతూ చక్రాలు తడుముతున్నాడు. ఆయన ఎప్పుడూ అంతే. మాట్లాడవలసినప్పుడు ఏదో ఒకటి తడుముతూ ఉంటాడు.

ఇలాంటి బండి కొనేవాళ్ళకు నేను చెప్పేది ముందు ఇది. రంగు చూసి కొనకండి. కింద పరిచిన రేకు ఎత్తి చూడండి. మా బండికి పైన ఆకుపచ్చ రంగు కొత్తగా వేశారు, లోపల నేల రేకంతా తుప్పు. కాలు గట్టిగా మోపితే కింద రోడ్డు కనపడేది. ఇంకొకటి, మిట్టమధ్యాహ్నం బండిని ఎండలో నిలబెట్టి, తలుపులు మూసి, అన్నం ఉడికేంత సేపు లోపల కూర్చోండి. కూర్చోగలిగితే కొనండి. మామగారు సాయంకాలం చల్లగాలిలో చూసి కొన్నాడు. మా ఎండలు ఎట్లాంటివో ఆయనకు తెలియక కాదు. ఆయన దృష్టి ఎండ మీద లేదు, అన్నా బావమరిదీ చూసి కుళ్ళుకోవడం మీద ఉంది.

వడ్రంగిని పిలిపించి రెండు వైపులా బల్లలు కొట్టించాడు. పగలు కూర్చోవడానికి, రాత్రి పడుకోవడానికి. బల్లల పైన గిన్నెలు పెట్టుకోవడానికి అరలు. ఇంజను వెనకాల, గాలి ఆడని మూల, కిరసనాయిలు స్టవ్వు. నీళ్ళకు ఒక పీపా. ఆ పీపాలో అంతకు ముందు కిరసనాయిలు ఉండేది. ఎన్నిసార్లు చింతపండు వేసి తోమినా వాసన పోలేదు. స్టవ్వు తలుపు దగ్గర పెట్టించమని అత్తయ్య చెప్పింది. తలుపు దగ్గర పెడితే దారిన పోయేవాళ్ళకు వంట కనపడుతుందని ఆయన ఒప్పుకోలేదు. వండేవాళ్ళను అడగకుండా పొయ్యి ఎక్కడుండాలో తేల్చిన ఇంట్లో ఎవరూ సుఖంగా తినలేదు, అది చక్రాల మీద ఉన్నా సరే, నేల మీద ఉన్నా సరే.

నేను ఒకటే అడిగాను. "మావయ్యా, దారిలో ఆడాళ్ళు చెంబు పట్టుకపోవడానికి ఎట్టా?"

ఆయన నా వైపు చూడలేదు. కొడుకు వైపు చూశాడు. "ఒరేయ్, నీ పెళ్ళానికి సిగ్గూ ఎగ్గూ ఏమన్నా ఉందా లేదా కనుక్కో."

మా ఆయన నాతో ఆ రోజంతా మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు ఆ బండిలో చివరిదాకా జవాబు దొరకలేదు. అత్తయ్యా నేనూ తెల్లవారకముందే లేచి, రాళ్ళలో, ముళ్ళలో, ఎవరివో తెలియని చేలకు అడ్డంపడి పోయేవాళ్ళం.

చైత్రమాసంలో మాచర్ల తిరునాళ్ళకు బయలుదేరాం. పెట్రోలు రేషను ఉన్న రోజులు. దాని కోసం మామగారు ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నాడో నాకు తెలియదు. చుట్టం ఇంట్లో మంచినీళ్ళు అడగడానికి మాత్రం నామోషీ. దారి పొడుగునా నాపరాళ్ళు, గతుకులు. పైఅరలో పెట్టిన గోంగూర పచ్చడి జాడీ కింద పడి పగిలింది. ఎత్తులో ఏదీ పెట్టకూడదని, పెడితే తాడుతో కట్టాలని ఎవరూ మాకు చెప్పలేదు. పచ్చడి నా ఒడిలో, చీర మీద, బల్ల మీద. "చూసుకోబళ్ళా" అన్నాడు మామగారు ముందు సీట్లోంచి, తల తిప్పకుండా. మాచర్ల చేరేవరకు ఆ ఘాటులోనే కూర్చున్నాను.

తిరునాళ్ళ జనానికి కాస్త దూరంగా బండి ఆపించాడు. ఎండకు కొత్త రంగు పొక్కులు లేచి రాలిపోయింది. దాని కిందనుంచి తెల్లటి గుండ్రం, అందులో ఎర్రటి అంబులెన్సు గుర్తు బయటపడ్డాయి. మేం గమనించలేదు. జనం గమనించారు. సర్కారు వాళ్ళు మందుల బండి పంపించారని ఎవరో అన్నారు. చూస్తుండగానే తలుపు ముందు జనం కూడారు. కళ్ళు పుసులు కట్టి అంటుకుపోయిన పిల్లను చంకనేసుకుని ఒకావిడ అందరికన్నా ముందుంది.

"అయ్యా, బిడ్డ కళ్ళు తెరవడంలా. కాస్త మందెయ్యండి" అన్నది.

"ఇది ఆస్పత్రి కాదు. నా ఇల్లు. పోండి" అన్నాడు మామగారు.

"మందుండి గూడా లేదంటన్నారా అయ్యా? మేం చానా దూరం నించి వచ్చాం."

డ్రైవరు సాయిబు కిందికి దిగి, మందుల్లేవమ్మా, ఇది వీళ్ళు తిరిగే బండి అని నెమ్మదిగా చెప్పబోయాడు. మామగారు ఆగలేదు. చేతిలో ఉన్న చెంబు నీళ్ళు ఆవిడ మీదకు విసిరాడు. ఆవిడ మీద పడ్డాయి, పిల్ల మీదా పడ్డాయి. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.  జనంలోంచి తిట్లు మొదలయ్యాయి. వెనక నుంచి పేడ ముద్ద ఒకటి వచ్చి తలుపుకు తగిలింది, దాని వెనక ఇంకొకటి. సాయిబు ఎక్కి బండి కదిలించాడు. దేవుణ్ణి చూడకుండానే మాచర్ల వదిలాం. అత్తయ్య ముఖం గోడ వైపు తిప్పుకుని కూర్చుంది. ఆ పిల్ల కళ్ళు ఏమయ్యాయో నాకు తెలియదు.

మర్నాటికి అత్తయ్యకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ పీపా నీళ్ళ వల్లో, ఎండ వల్లో. గురజాల దాటేసరికి ఆవిడ బల్ల మీద లేవలేని స్థితిలో ఉంది. కాగిన రేకుల మధ్య ఆ వాసన, ఆ వేడి, నేను రాయను. దాచేపల్లి దాటాక రోడ్డుకు ఎడమ పక్కన చేల అవతల ఆవిడ తమ్ముడి ఊరు కనిపిస్తుంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఇంజను సలసలా కాగి ఆగిపోయింది. సాయిబు బొక్కెన తీసుకుని బావి వెతుక్కుంటూ పోయాడు.

"నన్ను మా తమ్ముడింటికాడ దించండి" అన్నది అత్తయ్య.

"ఇల్లు లేనోళ్ళు ఎవరింటికన్నా పోవాల. మనం మన ఇంట్లోనే ఉన్నాం గదా. పడుకో" అన్నాడు మామగారు.

"మావయ్యా, ఆవిడకి మంచినీళ్ళు కావాల, డాక్టరు కావాల. ఊరు ఇక్కడే ఉండె" అన్నాను.

"నువ్వు మాట్లాడమాక. ఒరేయ్, చెప్పు దీనికి."

మా ఆయన కిటికీ గుడ్డ సరిచేస్తున్నాడు. "నాన్న చెప్పింది విను" అన్నాడు.

అత్తయ్య చంకల కింద చేతులు వేసి లేపి కూర్చోబెట్టాను. ఆవిడ నా భుజం పట్టుకుంది. తలుపు తీసి దిగాం. మామగారు ముందు సీటు నుంచి దిగి వచ్చాడు గానీ, మమ్మల్ని పట్టుకోలేదు. రోడ్డు మీద ఎవరో ఎడ్లబండి ఆపి చూస్తున్నారు, అందుకే పట్టుకోలేదనుకుంటాను.

"ఆ గడప తొక్కితే మళ్ళీ నా గడప తొక్కమాక" అన్నాడు.

అత్తయ్య ఆగి వెనక్కి తిరిగింది. ఆయనను ఎప్పుడూ మీరు అని తప్ప అనని మనిషి. "నీ గడపకి చక్రాలున్నయ్యి గదా. ఏడికన్నా తోలుకపో" అన్నది.

కోసేసిన జొన్న చేను మీదుగా నడిచాం. జొన్న కొయ్యలు పాదాలకు గుచ్చుకుంటున్నాయి. ఆవిడ రెండుసార్లు కూలబడింది. మా ఆయన చేను గట్టు దాకా వచ్చి నిలబడ్డాడు. ఇంకా వస్తాడేమోనని చూశాను. రాలేదు. ఆ గట్టు మీద అట్లా నిలబడిపోయినందుకు నేను ఆయనను ఎప్పుడూ క్షమించలేదు. పిల్లలు పుట్టాక కూడా క్షమించలేదు.

బాబాయి, అంటే అత్తయ్య తమ్ముడు, వాకిట్లో మంచం నులక బిగిస్తున్నాడు. అక్కను చూసి ఏమీ అడగలేదు. ఆ మంచం మీదే పడుకోబెట్టాడు. పిన్ని ఉప్పు వేసిన మజ్జిగ తేట కొద్దికొద్దిగా పట్టింది. దాచేపల్లి నుంచి డాక్టరు వచ్చి సూది వేశాడు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నాడు. సాయంకాలం బాబాయి కారేజీలో అన్నం పెట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళాడు. అన్నం అట్లాగే తిరిగి వచ్చింది.

"బావ తలుపు తియ్యలా" అన్నాడు బాబాయి. "మీ ఆయన లోపల ఉన్నాడమ్మాయ్, దగ్గు వినపడింది. ఆయనా తియ్యలా."

తెల్లవారి చూస్తే రోడ్డు మీద బండి లేదు.

వానలు మొదలయ్యేదాకా మేం అక్కడే ఉన్నాం. అత్తయ్య కోలుకుంది, ఒళ్ళు చేసింది, తమ్ముడి పిల్లలకు జడలు వేసింది. ఇంటి నుంచి మనుషులతో కబుర్లు వచ్చాయి, రమ్మంటున్నారని. ఆవిడ వినీ విననట్టు ఊరుకునేది. చివరికి మామగారే వచ్చాడు. రైల్లో నడికుడిలో దిగి, బురదలో నడుచుకుంటూ వచ్చాడు. బాబాయి ఎదురు వెళ్ళి, లోపలికి రా బావా అన్నాడు. ఆయన రాలేదు. చూరు నీళ్ళు మీద పడుతుంటే గడప అవతలే నిలబడ్డాడు.

"పెయాణం కట్టండి" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

అత్తయ్య లోపలి నుంచే, "ఆ బండి దొడ్లో ఉంటే నేను రాను" అన్నది.

ఆయన జవాబు చెప్పలేదు. చెప్పనందుకు ఒప్పుకున్నట్టే అనుకుని మేం బయలుదేరాం. రైల్లో ఆయన ఒక పెట్టె, మేం ఇంకో పెట్టె. నరసరావుపేటలో దిగితే మా ఆయన ఎడ్లబండి కట్టుకుని స్టేషను బయట ఉన్నాడు.

అత్తయ్య ప్లాట్‌ఫారం మీద ఆగింది. "ఆ బండి ఏడుంది?" అని కొడుకునే అడిగింది.

ఆయన తండ్రి వైపు చూశాడు. తర్వాత, "దొడ్లోనే" అన్నాడు.

అత్తయ్య వెళ్ళి బల్ల మీద కూర్చుంది. మూట పక్కన పెట్టుకుంది. నేనూ పక్కనే కూర్చున్నాను. మామగారు గొంతు పెంచాడు, పరువు అన్నాడు, జనం చూస్తున్నారన్నాడు. జనం చూస్తూనే ఉన్నారు. ఆవిడ కాళ్ళు ముడుచుకుని బల్ల మీద సర్దుకు కూర్చుంది, ఎంతసేపయినా సరే అన్నట్టు. స్టేషను మాస్టరు ఒకసారి వచ్చి, ఏ బండికమ్మా అని అడిగాడు. ఏ బండికీ కాదు అన్నది.

చివరికి తండ్రీకొడుకులు మమ్మల్ని అక్కడే వదిలి ఇంటికి వెళ్ళారు. పొద్దు వాలుతుండగా మా ఆయన ఒక్కడే వచ్చాడు, మోకాళ్ళ దాకా బురద. ఇంజను కదలకపోతే నాలుగు జతల ఎడ్లను కట్టి, ఊరి వాళ్ళు చూస్తుండగా, ఆ బండిని ఊరి బయట, పంట నూర్చే మా కళ్ళంలోకి ఈడ్పించారట. ఎడ్లను మామగారే అదిలించాడట.

అత్తయ్య లేచి మూట నా చేతికిచ్చింది. ఇంటికి రాగానే, మామగారు అరుగు మీద ఉండగానే, నన్ను పొయ్యి వెలిగించమని చెప్పి ఆవిడ స్నానానికి వెళ్ళింది.