నాగమణి కోసం వెతికిందెవరు?

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. పరవాడలో ఒక మందుల కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. సర్వర్ ఆగిపోతే ముందు వైర్లు చూస్తాను, తర్వాత అది చేసిన పనులన్నీ వరుసగా నమోదయ్యే లాగ్ చదువుతాను. గుమ్మానికి నిమ్మకాయలు కట్టే అలవాటు మా ఇంట్లోనే లేదు. అందుకే ఇది చెప్పాలంటే కాస్త మొహమాటంగా ఉంది.

నిరుడు వానాకాలంలో, మా కంపెనీలో రోజూ పొద్దున్న పదకొండుంబావుకి, సరిగ్గా టీ వేళకి, మెయిల్ ఆగిపోవడం మొదలైంది. పావుగంట పాటు ఎవరికీ ఏదీ వచ్చేది కాదు, వెళ్లేది కాదు. అవతల విదేశాల నుంచి తనిఖీ వాళ్లు రాబోతున్నారు. మా మేనేజరు రాంబాబు గారు రోజూ నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడేవారు.

"ఏటమ్మా సుజాతా, ఆళ్లు వచ్చిన రోజు కూడా ఇలాగే ఆగిపోద్దా ఏటి? అప్పుడు నీ ఉద్యోగమూ ఉండదు, నాదీ ఉండదు."

లాగ్ తీసి చూశాను. ఎవరో ఒక పెద్ద మెయిల్‌బాక్స్‌లో ఒక మాట కోసం వెతుకుతున్నారు. మా సర్వర్ పాతది. ఒక్క మాట అడిగితే చాలు, అందులోని మెయిళ్లన్నీ మొదటినుంచీ ఒక్కొక్కటే విప్పి చదువుతుంది. సగం దాకా వెళ్లి చేతులెత్తేస్తుంది. ఈలోగా మిగతా వాళ్ల పనులన్నీ ఆగిపోతాయి.

ఆ మెయిల్‌బాక్స్ కొనుగోళ్ల విభాగంలో పనిచేసిన అప్పలనాయుడు గారిది. గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలు కూడా చెరపని మనిషి. చిక్కేమిటంటే, ఆయన పోయి అప్పటికి ఆరు నెలలు. తనిఖీకి పనికొస్తుందని ఆయన మెయిళ్లు ఉంచేశాం.

పాస్‌వర్డ్ మార్చాను. మర్నాడు మళ్లీ అదే తంతు. ఖాతా మూసేశాను. మళ్లీ అదే. ఆయన పాత కంప్యూటర్ నుంచే వెతుకుతున్నారని లాగ్ చెబుతోంది. వెళ్లి చూస్తే అది స్టోర్ రూములో మూలన ఉంది. హార్డ్ డిస్క్ లేదు, కరెంటు వైరు లేదు. పైగా దాని మీద ఎవరో గొడుగు ఆరబెట్టుకున్నారు.

వెతుకుతున్న మాట రోజూ ఒక్కటే. నాగమణి.

ఆ పేరు బయటికి పొక్కింది. క్యాంటీన్‌లో నాగమణిని ఆయన చాటు మనిషిని చేసి, ఆమె చీర రంగు కూడా ఖాయం చేసేశారు.

ఒకవేళ ఆయన ఫోన్ నుంచి ఏదైనా జరుగుతోందేమోనని, ఒక ఆదివారం పొద్దున్నే అనకాపల్లిలో వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య వరలక్ష్మి గారు బీరువాలోంచి ఫోన్ తీసిచ్చారు. చార్జింగ్ లేదు, సిమ్మూ లేదు. ఆ పేరు ఎత్తడానికి నోరు రాలేదు. కాఫీ సగం తాగాక, ఎలాగో అడిగేశాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వారు.

"నాగమణి మా గేదమ్మా! ముందటేడు సచ్చిపోయింది. దాని ఫొటో ఆఫీసు మెయిల్లో ఉండిపోయింది, టీ తాగినప్పుడల్లా ఎతుకుతున్నాను గానీ దొరకట్లేదు అనీవోరు."

నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

అట్నుంచటే ఆఫీసుకు వెళ్లి సర్వర్‌లో ఇండెక్స్ తయారుచేయించాను. ఏ మాట ఏ మెయిల్‌లో ఉందో ముందే రాసిపెట్టుకునే పట్టిక అది. సోమవారం పదకొండుంబావుకి నేనూ రాంబాబు గారూ తెర ముందు నిలబడ్డాం. నాగమణి కోసం వెతుకులాట రానే వచ్చింది. మెయిల్ మాత్రం ఆగలేదు. ఒక్క సెకనులో ఒకే ఒక్క మెయిల్ దొరికింది, ఆయన తనకు తానే పంపుకున్నది. తెరిచి చూస్తే, గేదె మెడ మీద చెయ్యేసి పెళ్లికొడుకులా నిలబడ్డ అప్పలనాయుడు గారు.

రాంబాబు గారు చెప్పులు విడిచి తెరకి దణ్ణం పెట్టారు. నేను నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు.

ఆ ఫొటో ప్రింటు తీయించి వరలక్ష్మి గారికి ఇచ్చాను. తనిఖీ కూడా సాఫీగా జరిగిపోయింది. పది రోజులు ఆ మెయిల్‌బాక్స్ జోలికి ఎవరూ రాలేదు.

పదకొండో రోజు లాగ్‌లో కొత్త మాట కనిపించింది. గౌరి.

వెంటనే వరలక్ష్మి గారికి ఫోన్ చేసి, గౌరి కూడా మీ గేదేనా అండీ అని అడిగాను. అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినిపించింది.

"మాకున్నది ఒకటే గేద, తల్లీ," అన్నారు. "దొరికితే ఎవలకీ సూపించకు. ముందు నాకు సెప్పు."

ఆ వెతికేది ఎవరో, ఎలా వెతుకుతున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. గౌరి పేరుతో ఏమైనా దొరికిందా లేదా అన్నది లాగ్‌లో ఆ కింది వరుసలోనే ఉంటుంది. నేను మాత్రం చదవలేదు.