పచ్చజెండా, తెల్లచొక్కా

నా నిశ్చితార్థాన్ని నేనే ఆపుకున్నాను. ఏ శత్రువో ఆపినా ఏడ్చి ఊరుకుందును. నేను గూడ్సు బండిని అడ్డం పెట్టి మరీ ఆపుకున్నాను.

అప్పుడు మల్కాపురం దగ్గర ఓ చిన్న గూడ్సు లైనులో వ్యాగన్లు తగిలించి విప్పే పాయింట్స్‌మన్‌ని. ఓడలు దించిన బొగ్గును లాక్కెళ్లి పెద్ద రైల్వే యార్డులో అప్పజెప్పడం, ఖాళీ వ్యాగన్లు తెచ్చుకోవడం, అంతే ఆ లైను బతుకు. ఇంజనైతే మరీ పాతది. తెల్లదొరలు మోయలేక వదిలేసి పోయారని మా డ్రైవరు అప్పలరాజు బావ నమ్మకం.

ఆ సాయంత్రం ఆడపిల్లవారు లెవెల్ క్రాసింగ్ దాటి మా ఇంటికి రావాలి. డ్యూటీ దిగి అటే పోదామని కొత్త తెల్లచొక్కా తొడుక్కొచ్చాను. దాని పక్కన మల్లెపువ్వు కూడా మాసినట్టుండేది.

ఆఖరి పని ఒకటే మిగిలింది. వ్యాగన్ల ఈ చివర విప్పిన ఇంజను పక్క పట్టాల మీదుగా ఆ చివరికొచ్చింది. ఇంజనుకీ వ్యాగనుకీ మధ్యలో దూరి కొక్కెం తగిలించాలి. దాని గ్రీజుతో జిల్లా మొత్తానికి కాటుక పెట్టొచ్చు! చొక్కా చూసుకున్నాను. కొక్కేన్ని బూటు కొనతో తన్నాను. ఖంగుమంది. చాలనుకుని పచ్చజెండా ఊపాను.

"ఏటి బావా, ఇయ్యాల బండి ఇంత తేలిగ్గా పోతంది?" అరిచాడు అప్పలరాజు.

"నా పెళ్లి కదేటి! దానికీ సంబరమే. పోనియ్ బావా!"

ఇంజను పోయింది. వ్యాగన్లు మాత్రం క్రాసింగ్‌కి అడ్డంగా, అత్తారింట్లో అలిగిన అల్లుడిలా ఉండిపోయాయి.

అవతల హారన్ల హోరు. వంగి వ్యాగన్ల కిందుగా చూస్తే పట్టుచీరలు, పళ్లేలు, వాటి మధ్య ఇటే వంగి చూస్తున్న కాబోయే మావగారి మీసం.

"ఏ సచ్చినోడయ్యా ఈ బండి ఇక్కడ ఒగ్గేసినోడు? ముహూర్తం పోతంది!"

"బుద్ధి లేనోడు మావా!" ఇవతల్నుంచి నేనూ అందుకున్నాను.

గేట్‌మన్‌కి కడుపులో మాట దాగదు. "ఆడెవుడో కాదు బాబూ, మీ అల్లుడే!"

సముద్రం దగ్గర్లోనే ఉంది. దూకుదామంటే చొక్కా తడుస్తుంది.

వెనక ఏమీ లేదని యార్డు చేరాక గానీ బావకి తెలియలేదు. ఇంజను తిరిగొచ్చేసరికి ముహూర్తం పోయింది. కొక్కేన్ని కౌగిలించుకుని తగిలించాను. బండి కదిలాక బొగ్గుబస్తాలా మావగారి ముందు నిలబడ్డాను.

"ఎనకాల ఏటున్నాదో సూసుకోనోడు నా పిల్లని సూసుకుంటాడేటి?"

అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆటోలోంచి పిల్ల గొంతు: "నానే గట్టిగా పట్టుకుంటాన్లే నాన్నా!"

పట్టుకుంది. ఇప్పటికీ స్కూటరెక్కితే నా కాలరు ఆవిడ గుప్పిట్లోనే. మొన్నొక్కరోజు మాత్రం పెట్రోలు బంకులో ఆవిడ దిగింది, నేను ఇల్లు చేరిపోయాను.

అంచేత సింహాద్రి అప్పన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో వెనక్కి చూడకుండా ఏ బండీ కదపను. ఇన్నాళ్లూ దాచుకున్న ఆ తెల్లచొక్కా అయితే బంకు నుంచి నడిచొచ్చిన రోజే ఆవిడ చింపేసింది.