దొంగ కిటికీ గాలి

దెయ్యాలను నమ్మేవాళ్లతో సభల్లోనే కాదు, రైళ్లలోనూ పెళ్లి భోజనాల దగ్గరా తగాదా పడ్డవాణ్ణి. ఇప్పుడూ నమ్మను. అందుకే ఇది నేనే రాయాలి.

2007లో మస్కట్ పక్కనున్న మత్రాలో ఒక పాత మేడ పై అంతస్తులో అద్దెకు దిగాం. యజమాని ముత్తాత పంతొమ్మిదో శతాబ్దంలో వ్యాపారం మీద బొంబాయి వెళ్లి, అక్కడ ఇటలీ తరహా ఇళ్లు చూసి వచ్చి కట్టించాడట. సన్నగా, ఎత్తుగా కమాను కిటికీలు. చూరు కింద చెక్కిన కొయ్య దన్నులు. సముద్రపు రాయి, సున్నం గోడలు. బిల్డింగు ప్లాన్లు గీయడం నా ఉద్యోగం కాబట్టి ముచ్చటపడి ఇల్లంతా కొలిచాను. ముందు వైపు కుడి ఎడమలకు పొంతన కుదరాలని ఒకచోట దొంగ కిటికీ పెట్టారు. బయటికి కమాను, తలుపులు అన్నీ కనిపిస్తాయి. వెనక నిండు గోడ.

జూన్‌లో పెద్ద తుఫాను వచ్చింది. అది వెళ్లాక కరెంటు లేదు, ఆకు కదల్లేదు. మా పసిపాపకు ఒళ్లంతా చెమటకాయలు. పాలు మానేసింది. ఏడ్చే ఓపిక లేక మూలిగేది. రోడ్లు తెగి ఆస్పత్రికి దారి లేదు.

మధ్యాహ్నం నా భార్య సరళ చీర ఉయ్యాల విప్పి, దొంగ కిటికీ గోడ పక్క దూలానికి తాడుతో కట్టింది.

"అక్కడెందుకు? అది గోడ."

"గాలొస్తోందండీ."

"గోడలోంచి గాలి రాదు సరళా. సైన్సు ప్రకారం..."

"మీ సైన్సుకి ఉక్కపొయ్యట్లేదేమో, పిల్లకి పోస్తోంది. చెయ్యి పెట్టి చూడండి."

పెట్టాను. చల్లటి గాలి, సన్నగా, విడవకుండా. దోమల చక్రం వెలిగించి పట్టుకుంటే పొగ గదిలోకి వంగింది. అసలు కిటికీల దగ్గర నిటారుగా లేచింది. పగులు కోసం గోడంతా టార్చి వేసి వెతికాను. లేదు.

సాయంత్రానికి పాప కళ్లు విప్పి పాలు తాగింది. కరెంటు వచ్చేదాకా ఆ గాలిలోనే పడుకుంది. ఏసీ తిరిగిన రోజే గాలి ఆగిపోయింది. సరళ గోడ వైపు తిరిగి, "చాలా సాయం చేశారండీ" అంది.

తర్వాత మరమ్మతులప్పుడు మేస్త్రీని బతిమాలి అక్కడ సున్నం ఊడగొట్టించాను. రాయి మీద రాయి. సందు లేదు.

"ఏం దాశారు సార్ ఇందులో?" అన్నాడు. నేను మళ్లీ టేపు పెట్టి గోడ కొలిచాను.

ఆత్మ అని ఎవరైనా అంటే ఇప్పటికీ వాదిస్తాను. మరి కారణం ఏమిటని అడిగితే, నా దగ్గర లేదు. మేమింకా ఆ ఇంట్లోనే ఉన్నాం. పాపకు నడక వచ్చింది. పరుగెత్తుకెళ్లి ఆ గోడకు చెంప ఆనించి నవ్వుతుంది. ఎవరూ చూడనప్పుడు నేనూ ఆనిస్తాను. వట్టి రాయే.

ఉయ్యాల కట్టిన తాడు మాత్రం దూలం మీద అలాగే ఉంది. విప్పమని నేనూ అనలేదు.