అడుగు ఎత్తొద్దన్న మామా

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన వేసవి. రాజంపేట నుంచి వెళ్ళి అక్కడ ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. సరుకులు నిండుకోవడంతో, ఏనాడూ వంటగది గడప తొక్కని మా యజమానురాలు, మేం 'మామా' అని పిలిచే ఆవిడ, ఒక ఉదయం బుట్టతో నన్ను సముద్రానికి తీసుకెళ్ళింది. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు, వాళ్ళ నాన్న నాటిన కర్రల దడిలో చేపలు చిక్కుకుంటాయట.

"అడుగు ఎత్తొద్దు. కాళ్ళు ఈడ్చుకుంటూ రా. ఇసుకలో విషపుముల్లు చేపలు పడుకుంటాయి, అలికిడైతే అవే తప్పుకుంటాయి" అంది.

ఇంతలో ఒక సైనికుడు అరుస్తూ, తుపాకీ మాకు గురిపెట్టి నీళ్ళలోకి దిగాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మామా అతని వైపు తిరిగి, "అడుగు ఎత్తకు నాయనా!" అని కేకేసింది.

అతను కాలు ఈడ్చాడు. ఎదుట ఇసుకే లేచినట్టు దుప్పటంత చేప లేచి, రెక్కలల్లారుస్తూ మా మధ్యనుంచి సాగిపోయింది. ముగ్గురం నోళ్ళు తెరుచుకుని చూశాం. అతని తుపాకీ దానంతటదే దిగిపోయింది. కాళ్ళు ఈడ్చుకుంటూ ఒడ్డుకు వెళ్ళిపోయాడు.

"వానికెందుకు చెప్తివి మామా?"

"నీళ్ళలోకి కొత్తగా దిగినోళ్ళకి చెప్పాల్సిందే. యల్లా, పద పద, చేపలు పట్టు."

మొన్న పుష్కరాల్లో, పక్కన నీళ్ళలోకి దిగబోతున్న ముక్కూమొహం తెలియని ఆవిడతో అనేశాను: "అడుగు ఎత్తొద్దు తల్లీ!"