పొతాప్ తెల్లరంగు, బుయాన్ నాలుక

పొతాప్ నికిఫొరిచ్‌కు నలభై ఏడేళ్ళు. యుద్ధానికి ముందు కొస్త్రోమా చుట్టుపక్కల పల్లెల్లో పొయ్యిలకూ గోడలకూ వెల్ల వేసి బతికాడు. సైన్యంలోకి వచ్చాక కూడా చేతిలో కుంచె వదల్లేదు. చలికాలం మా ఇనుప టోపీలకు తెల్లరంగు, మంచు కరిగాక ఆకుపచ్చ రంగు వెయ్యడం ఆయన పని. నేను కంపెనీ వంటవాణ్ణి. నా జావ తప్ప లోకంలో ప్రతిదానికీ వంక పెట్టేవాడు కాబట్టి మా ఇద్దరికీ బాగానే పడేది.

మరో వెల్లపనివాడంటే ఆయనకు ఒళ్ళుమంట. ఏ ఊళ్ళో ఆగినా ముందు గోడ మీద వేలు పెట్టి రాసి చూసేవాడు.

"దీన్ని వెల్ల అంటారా? ఆవు తోకతో విదిలించినట్టుంది!" అనేవాడు.

ఆ డిసెంబరులో ఒక ఉదయం విపరీతంగా మంచు పడింది. మధ్యాహ్నం రెండింటికి మా వేగులు ఏడుగురు ఏరు దాటి శత్రువుల వైపు వెళ్ళాలి. వాళ్ళ టోపీలు చూస్తే ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి. కంపెనీ సామాను చూసే స్టార్షినా గొర్దేయ్ లుకిచ్ ఊగిపోతూ వచ్చాడు.

"ఒరేయ్ పొతాప్! ఒంటిగంటకల్లా అన్నీ తెల్లబడాలి. లేకపోతే నిన్ను కందకాలు తవ్వడానికి తోలేస్తా!"

కందకాలకు పొతాప్ జంకలేదు. "ఏడుగురు మనుషులోయ్. ఎక్కడ ఆకుపచ్చ మచ్చ కనిపించినా అటువైపు వాడు అక్కడే కాలుస్తాడు" అని నాతో అన్నాడు.

సుద్ద నూరి, పుల్లమజ్జిగలో కలిపాడు. రంగు రాలకుండా ఉప్పు కావాలన్నాడు. అడిగింది ఒక గుప్పెడు. స్నేహం కొద్దీ నేను మూడు గుప్పెళ్ళు పోశాను. కుంచె గీత ఒక్కటి కూడా కనబడకుండా వేసి, కంచె కర్రలకు తగిలించి ఆరబెట్టాడు. ఆ నునుపు చూసి తనే మురిసిపోయాడు. తర్వాత ఇద్దరం జావ తాగడానికి కూర్చున్నాం.

తిరిగి వచ్చేసరికి మా బండి గుర్రం బుయాన్ కట్టు తెంపుకుని కంచె దగ్గర నిలబడి ఉంది. ఆరు టోపీలు అయిపోయాయి. ఏడోదాన్ని కళ్ళు మూసుకుని ఆనందంగా నాకుతోంది.

"చంపేశావు కదరా, నీ దుంప తెగ!" అని పొతాప్ తల పట్టుకుని మంచులో కూలబడ్డాడు.

ఒక్కో టోపీ మీద ఇక్కడ తెల్లగా, అక్కడ ఆకుపచ్చగా, మధ్యలో బురద రంగుగా మరకలు. మళ్ళీ రంగు వేస్తే ఆరే వ్యవధి లేదు. స్టార్షినా నోటికొచ్చినట్టు తిట్టాడు. గుర్రం నాకింది ఉప్పు కోసమే, ఆ ఉప్పు పోసింది నేనే గనుక మెల్లగా పొతాప్ వెనక్కి తప్పుకున్నాను. వేగులు ఆ మరకల టోపీలే పెట్టుకుని బయలుదేరారు.

స్టార్షినా దుర్భిణి పెట్టి చూస్తున్నాడు. వేగులు చెట్ల దాకా వెళ్ళగానే, "ఏరీ వీళ్ళు? ఇప్పుడే కదా అక్కడున్నారు!" అన్నాడు. మంచులో పొదలున్నాయి, తడి బెరడుంది, నల్లమట్టి ఉంది; మరకల టోపీలు వాటిలో కలిసిపోయాయి. పొతాప్ వేసిన నిఖార్సయిన తెలుపు ఒక్క గోడ మీదే ఉంటుంది. ఈ సంగతి గుర్రానికి ముందే తెలుసని నేను అనను గానీ, మాకైతే తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం దాకా పొతాప్ తిండి ముట్టలేదు. దారి వైపే చూస్తూ కూర్చున్నాడు. ఏడుగురూ వచ్చారు. వచ్చీ రాగానే బుయాన్ మెడ కౌగిలించుకుని, జేబుల్లో ఉన్న రొట్టెముక్కలన్నీ దానికి పెట్టారు. పొతాప్ వంక ఎవరూ చూడలేదు.

"కంపెనీ మొత్తానికి ఇలాంటి మరకలే వెయ్యి" అన్నాడు స్టార్షినా.

పాపం, పొతాప్ ప్రయత్నించాడు. ముప్పై ఏళ్ళు నున్నగా వేసిన చెయ్యి వింటుందా? మరకలు వరసలు కట్టి కూర్చున్నాయి.

"ఏంటి బాబాయ్, టోపీకి చుక్కల కిటికీ తెర కుట్టావా?" అన్నాను. కుంచె నా మీదికి విసిరాడు.

చివరికి అన్నిటికీ నున్నగా తెల్లరంగు వేసి, ఒక్కొక్కటే తీసుకెళ్ళి బుయాన్ ముందు పెట్టాడు. సాయంత్రం భార్యకు ఉత్తరం రాసిపెట్టమని నా దగ్గరికొచ్చాడు. ఆయనకు అక్షరాలు రావు.

"అంతా క్షేమమని రాయి. ఇక్కడ నాకో జోడీ పనివాడు దొరికాడని రాయి. పేరు బుయాన్." వేళ్ళకంటిన సుద్ద గోక్కున్నాడు. "నాకంటే మంచి పనివాడని రాయి."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కు చీదుకుని, అలాగే రాశాను.

"గుర్రమని మాత్రం రాయొద్దు" అన్నాడు పొతాప్.