తొంభై అయిదు దగ్గర ఆగిన గీత

మా పాప పుట్టడానికి రెండేళ్ల ముందు, వానాకాలంలో, నన్ను బహదూర్‌పురాలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్ పని మీద వేశారు. అప్పుడు నేనొక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెవలపర్‌ని, టీం లీడ్ కింద, ట్రైనీల పైన. సెంటర్ మా ఇంటికి దగ్గరని నన్నే పంపారు. పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను.

అక్కడి ఇబ్బంది ఇది. రక్తపరీక్ష ఫలితం, పాత ఫలితాలు, డాక్టరు సంతకం కలిపి రిపోర్టు తయారుచేయడానికి సర్వర్‌కు రెండు మూడు నిమిషాలు పట్టేది. అంతసేపూ తెర తెల్లగా ఉండేది. కౌంటర్‌లో కూర్చునే సబీహా బటన్ మళ్లీ నొక్కేది. నొక్కినప్పుడల్లా అదే పని మొదటి నుంచి ఇంకోసారి మొదలై, అన్నీ నెమ్మదించేవి.

"నేనేం జెయ్యాలె మేడమ్? వీళ్లు నా మొఖం జూస్తరు, నేను దాని మొఖం జూస్త," అంది సబీహా.

దీనికి మందు తెలిసిందే. రిపోర్టు పనిని సర్వర్‌లో వెనకాల ఒక వరుసలో పెట్టి, తెర మీద వెంటనే ఒక వెయిటింగ్ పేజీ చూపించాలి. పని అయిందా అని ఆ పేజీ మూడు సెకన్లకోసారి సర్వర్‌ను అడుగుతుంది. అయిపోయి ఉంటే రిపోర్టు తెరుస్తుంది. అలాగే చేశాను. పైన నిండుతూ పోయే ఒక ఆకుపచ్చ గీత కూడా పెట్టాను. దానికి పనితో సంబంధం లేదు. గడియారం చూసుకుంటూ తొంభై అయిదు శాతం దాకా వెళ్లి ఆగుతుంది, అంతే. జనానికి ఏదో కదులుతూ కనిపిస్తే చాలన్నాడు మా లీడ్.

సబీహా మానిటర్‌ను జనం వైపు తిప్పేసింది. అడిగినవాళ్లకు గీత చూపించేది. వారంలో లొల్లి తగ్గింది.

మూడో వారం ఒక ఉదయం, పురానాపూల్ దగ్గర పాలు పోసే మల్లేశ్ నాలుగేళ్ల కూతురిని భుజాన వేసుకుని రిపోర్టు కోసం వచ్చాడు. డెంగీ అనుమానం. ప్లేట్‌లెట్లు ఎన్నో చూశాకే పిల్లను చేర్చుకోవాలో లేదో చెబుతానన్నాడట డాక్టరు. సబీహా బటన్ నొక్కింది. గీత తొంభై అయిదుకు వచ్చింది.

"అయిపోయిందన్నా, అయిదే ఉంది. కూసో."

గంట తర్వాత అతని గొంతు వినిపించింది. "పొద్దుగాల్ల నుంచి అయిదే అంటున్నవ్. మా బర్రెనన్న బతిమాలితె ఇన్ని పాలిస్తది గద."

"దీన్ని బతిమాలుడు నాకు రాదన్నా. అయితది, ఫికర్ చెయ్యకు."

లోపలి గదిలో ఉన్న నేను సర్వర్ నెమ్మదిగా ఉందనుకుని నా పని చేసుకున్నాను. గీత గీసింది నేనే అయినా, నేనూ దాన్ని నమ్మాను. పక్క కౌంటర్‌లో మిగతావాళ్ల రిపోర్టులు వస్తూనే ఉన్నాయి.

ఇంకో అరగంటకు పిల్ల బెంచీ మీద వాంతి చేసుకుంది. బయటికి వచ్చి సర్వర్‌లో చూశాను. ఆ పిల్ల పాత రిపోర్టు ఫైలు ఒకటి చెడిపోయి ఉండటంతో, ఆ పని మొదలైన నిమిషానికే ఆగిపోయింది. ఆగిపోతే ఏం చెప్పాలో నేను పేజీకి నేర్పలేదు. అది అయిందా అని అడుగుతూనే ఉంది, సర్వర్ లేదంటూనే ఉంది. ప్లేట్‌లెట్ల సంఖ్య పొద్దుటి నుంచీ ల్యాబ్ మెషిన్‌లోనే ఉంది. టెక్నీషియన్ చేత కాగితం మీద రాయించి ఇచ్చాను. చాలా తక్కువున్నాయి.

మల్లేశ్ కాగితం తీసుకుని తెర వైపు చూశాడు. "మరి గిది గింతసేపు దేన్ని లెక్కవెడ్తున్నదమ్మా?"

దేన్నీ లెక్కపెట్టడం లేదని చెప్పాను. అతను పిల్లనెత్తుకుని ఆటో ఎక్కాడు.

పిల్ల ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇల్లు చేరిందని తర్వాత సబీహా చెప్పింది. మా పాప ఒళ్లు కాస్త వెచ్చబడితే నాకు ఇప్పటికీ ఆ బెంచీ గుర్తొస్తుంది.

ఆ సాయంత్రమే గీత తీసేశాను. కొత్త పేజీ, వరుసలో తమకంటే ముందు ఎంతమంది ఉన్నారో చెబుతుంది. అయిదు నిమిషాలు దాటినా, పని చెడినా, "ఆగిపోయింది, ల్యాబ్‌లో చేతిరాత రిపోర్టు తీసుకోండి" అని చూపిస్తుంది. చూడ్డానికి బాగాలేదన్నాడు లీడ్. సబీహాకూ నచ్చలేదు.

"గీత ఉన్నప్పుడే నయముండె మేడమ్. గిప్పుడు మళ్ల అందరు నన్నే అడుగుతున్నరు."

అడగనివ్వమన్నాను. ఎదురుచూసే మనిషి అక్కడే ఉండాలో, వెళ్లాలో ఆ పేజీని చూసే తేల్చుకుంటాడు. అందుకు పనికిరానిదేదీ దాని మీద ఉండకూడదు. ఆ తర్వాత చేసిన ప్రతి వెయిటింగ్ పేజీలోనూ, పని ఆగిపోతే చెప్పాల్సిన మాటనే ముందు రాశాను.