బాపు పోలిక దవడ

తెలంగాణ వచ్చిన కొత్తలో, నాకు ఇరవై దాటిన ఆ రోజుల్లో, ముఖం బాగాలేకపోతే పౌడరు తప్ప వేరే వైద్యం ఉంటుందని మా పోచంపల్లిలో నాకెవరూ చెప్పలేదు. నా ముఖానికి పౌడరు చాలేది కాదు. కింది దవడ పై దవడను దాటి ముందుకు వచ్చి ఉండేది. ముందు పళ్ళు ఎన్నడూ ఒకదానికొకటి తగలలేదు. మిర్చి బజ్జీని కూడా మేకలాగా పక్కకు తిప్పుకొని నమిలేదాన్ని. నేను పనిచేసే చీరల దుకాణంలో షావుకారమ్మ నాకు 'గల్లాపెట్టె' అని పేరు పెట్టింది, సొరుగు ఎప్పుడూ బయటికే ఉంటుందని. (ఆ పేరు తట్టినందుకు ఆమె చాలా రోజులు మురిసిపోయింది. నేనూ నవ్వేదాన్ని. పనిలో కొత్త కదా.) నిజానికి ఆ దవడ అచ్చంగా మా బాపుది. మగ్గం మీద కూర్చున్న బాపును పక్కనుంచి చూస్తే నన్ను నేను చూసుకున్నట్టే ఉండేది.

ఒకసారి పంటి నొప్పని భువనగిరికి పోతే, అక్కడి పళ్ళ డాక్టరు నొప్పి సంగతి వదిలేసి నా దవడనే చూస్తూ కూర్చుని, హైదరాబాదులో పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు. ఆ పెద్ద డాక్టరు, ఎముక కోసి వెనక్కి జరపొచ్చని, పళ్ళు కలుస్తాయని, నమలడం సులువవుతుందని చెప్పాడు. నాకు మాత్రం ముఖం మారుతుందన్న ఒక్క ముక్కే వినిపించింది. మిగతా సంగతులు కూడా ఆయన చెప్పాడట. ఇంగ్లీషులో, పక్కనున్న విద్యార్థులకు. ముందుగా ఏడాదికి పైగా పళ్ళకు తీగ కట్టుకోవాలి. ఇన్నేళ్ళూ పై పళ్ళను అందుకుందామని లోపలికి వంగి ఉన్న నా కింది పళ్ళను ఆ తీగ నిటారుగా నిలబెట్టింది. దాంతో దవడ ఉన్నదానికంటే ఇంకింత ముందుకొచ్చింది. ఆపరేషన్‌కు ముందు ముఖం బాగుపడదు, ఇంకా చెడుతుంది. (చేయించుకోబోయేవాళ్ళు ఈ మాట మొదటిరోజే అడిగి తెలుసుకోండి, అద్దం ముందు ఏడవడం తప్పుతుంది.) డాక్టరు పనిని తిరగేసి చేస్తున్నాడేమోనని షావుకారమ్మ అనుమానపడింది. నాకూ అదే అనుమానం. అడిగితే, అలాగే అవుతుందని చెప్పాను కదా అని ఆయన విసుక్కున్నాడు.

ఆపరేషన్ దగ్గర పడ్డాక ఇంటివాళ్ళను తీసుకురమ్మన్నారు. బాపు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, కొత్త తువ్వాల భుజాన వేసుకొని వచ్చాడు. పెద్ద డాక్టరు ఆయనను చూడగానే ముఖం వెలిగించుకొని, మర్యాదగా స్టూలు మీద కూర్చోబెట్టి, పక్కకు తిరగమన్నాడు. విద్యార్థులు చుట్టూ మూగారు. డాక్టరు పెన్ను కొసతో గాలిలోనే బాపు దవడ వెంబడి గీత గీస్తూ ఏదో వివరించాడు. ఒకమ్మాయి ఫోటో తీసుకుంది. బాపు ఆ సేపంతా గుడిలో కూర్చున్నంత నిటారుగా కూర్చున్నాడు. దిగేటప్పుడు అందరికీ దండం కూడా పెట్టాడు. నా బిడ్డకు ఇంత చదువుకున్నోళ్ళు కాపలా ఉన్నారని సంతోషపడుతున్నాడనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సు బాటసింగారం దాటినాక బాపు మెల్లగా అన్నాడు.

"గిది నా నుంచే వచ్చిందంట గద బిడ్డా."

ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదని, ఆ చదువుకునే పిల్లలు తనను చూసి, నన్ను చూసి, మళ్ళీ తనను చూస్తుంటే సమజయ్యిందని అన్నాడు. మన ఇంటి ఎముక గట్టిది, అలాంటిది వాళ్ళు చూడలేదని నేను ఏదో చెప్పాను. "గట్లనా" అని తువ్వాల తీసి మూతి తుడుచుకున్నాడు. తుడిచిన తువ్వాల మళ్ళీ భుజం మీదికి పోలేదు. ఊరొచ్చేదాకా గదువకే, గడ్డం కనబడకుండా, అడ్డంగా పట్టుకొని ఉన్నాడు.

ఆపరేషన్ నాటి సంగతి నాకేం గుర్తు లేదు. లేచేసరికి పై పళ్ళనూ కింది పళ్ళనూ రబ్బర్లతో బిగించి కట్టారు. ముఖం గుమ్మడికాయంత అయింది. ఎముకను నోటి లోపలినుంచి కోస్తారు, బయట గాటు కనబడదు. ఈ సంగతి తెలియని మా అవ్వ, ఇంటికి రాగానే నా ముఖమంతా తడిమి కుట్లు వెతికింది. దొరకలేదు.

"కోసినకాడ గాటు ఏది? గిది కోసుడు గాదు, వట్టిగ కొట్టి పంపిన్రు."

కాదని చెప్పడానికి నాకు నోరు లేదు. ఆ దెబ్బతో వాడకట్టంతా నన్ను దవాఖానలో కొట్టారని నమ్మింది. జ్యూస్, గంజి, జొన్న జావ తప్ప ఏదీ లోపలికి పోకూడదని డాక్టరు చెప్పాడు. అవి కూడా సిరంజితో చెంప పక్కనుంచి పోసుకోవాలి. పరామర్శకు వచ్చిన మేనత్త నాకోసమని మేక తలకాయ కూర తెచ్చి, నేను తినలేనని తెలిసి, పారేయడం ఎందుకని నా ముందే కూర్చుని మూలుగ జుర్రుకుంటూ ఓదార్చింది. అంత చేదు ఓదార్పు నేను మళ్ళీ ఎరగను.

వాపు తగ్గాక దుకాణానికి పోయాను. గల్లాపెట్టె మూతపడిందని షావుకారమ్మ సంబరపడింది. సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ లేదు. కొన్ని నెలల్లో వస్తుందన్నారు. సగం వచ్చింది, సగం రాలేదు. చాయ్ తాగుతుంటే గడ్డం మీదుగా కారేది, నాకు తెలిసేది కాదు, పట్టుచీరకు తెలిసేది. రెండో చీర పాడయ్యాక నన్ను వెనకగదిలో మడతలు పెట్టే పనికి పంపారు. పైగా హైదరాబాదు నుంచి వచ్చే పాత గిరాకీలు, "గా గదువ పిల్ల ఏది, ఆమె అయితే మంచిగ చూపిస్తది" అని నన్నే అడిగేవాళ్ళు. ఆమె నేనేనంటే, ఆ పిల్లను పనిలోంచి తీసేశారా అని నా మీదే అలిగేవాళ్ళు. అందరూ వెక్కిరించిన ముఖానికి ఇంతమంది ఆప్తులున్నారని అది పోయాకే తెలిసింది.

ఒక పెళ్ళిలో బాపు పక్కన కూర్చుంటే, ఆయన చిన్ననాటి దోస్తు ఒకాయన ఈ పిల్ల ఎవరని అడిగాడు. బాపు, నా బిడ్డనే అన్నాడు. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చిన్న బిడ్డనా అని ఊరికే అడిగాడు. నేనొక్కదాన్నే బిడ్డనని ఆయనకు తెలుసు. బాపు విస్తట్లోకి వంగి అన్నం కలుపుకున్నాడు.

గట్టివి తినొచ్చని డాక్టరు చెప్పిన రోజు బాపే నాతో వచ్చాడు. దవాఖాన గేటు దగ్గర బండి మీద జామకాయలు ఉంటే ఒకటి కొని నా చేతిలో పెట్టాడు. భయపడుతూనే ముందు పళ్ళతో కొరికాను. ముక్క తెగింది. పుట్టినప్పటినుంచీ ఎన్ని జామకాయలు తిన్నానో, ఆ తీరున ఒక్కటీ తెగలేదు. బాపు నా నోటినే చూస్తున్నాడు.

"ముందటి పండ్లతోని కొరికితె రుచి వేరే ఉంటదా బిడ్డా?"

అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆయన నోట్లో పళ్ళూ ఎన్నడూ కలవలేదు. ఆయనకూ ఆపరేషన్ మాటెత్తితే, మగ్గం మనిషికి ఇప్పుడు కొత్త దవడ ఎందుకని అప్పటికే ఒకసారి అన్నాడు కూడా.

"ఏం లేదు బాపూ, అదే రుచి" అన్నాను.

నమ్మాడో లేదో, తలూపి, తువ్వాల కొసతో నా గడ్డం తుడిచాడు. ఇప్పుడు అప్పటి నన్ను, ఆ పిల్లను, తలుచుకుంటే నవ్వొస్తుంది. జామ రసం మెడదాకా కారుతున్న సంగతి కూడా తెలియకుండా ఎంత ధీమాగా అబద్ధమాడిందో.